ఆర్పీఎం అన్నయ్య

అట్లాంటాకి ఉత్తరాన లేక్ లేనియర్ ఉంది. చట్టహూచీ నదికి 1950లలో బ్యూఫర్డ్ డ్యామ్ కడితే నిండిన జలాశయం. పక్కనున్న కమ్మింగ్ ఊళ్లో తెలుగువాళ్లు కొల్లలు, నీళ్ల మీద పాంటూన్ పడవలు కొల్లలు. రెండో మూడో అల్యూమినియం గొట్టాల మీద చదునైన గచ్చు వేసి, సోఫాలు పరిచి, వెనకాల మోటారు తగిలిస్తే అదే పాంటూన్. తేలే వసారా.

ఈ వసారా కొన్నవాళ్లు ఎక్కి కూర్చుని చల్లగాలి పీల్చుకుంటారు. ఆర్పీఎం అన్నయ్య కూర్చోడు.

కొన్న రోజే ఆయన ప్రొపెల్లర్ కేసి అనుమానంగా చూశాడు. "అమ్మినవాడు చేతికందింది బిగించేశాడండీ" అన్నాడు. అందులో అబద్ధమేం లేదు. ప్రొపెల్లర్‌కి రెండంకెలు: వ్యాసం, పిచ్. పిచ్ 15 అంటే, నీళ్లలో జారకపోతే, ఒక్క చుట్టుకి 15 అంగుళాలు ముందుకి పోవాలి. లివరు పూర్తిగా తోస్తే మోటారు కంపెనీ చెప్పిన హద్దులో తిరగాలి. అన్నయ్య 115 గుర్రాల మోటారుకి ఆ హద్దు నిమిషానికి 5000 నుంచి 6000 చుట్లు, అంటే ఆర్పీఎం. అది 4700 దగ్గరే మూలిగేది. పిచ్ అంగుళం తగ్గిస్తే సుమారు 200 చుట్లు పెరుగుతాయి కనక 15 తీసి 13 వేశాడు. 5100 వచ్చింది.

మామూలు మనిషైతే ఇక్కడ ఆగి పకోడీలు తెచ్చుకునేవాడు. అన్నయ్య కాలిక్యులేటర్ తీశాడు. 5100ని 13తో గుణించి, గేరు నిష్పత్తి 2.07తోనూ, నిమిషానికి అంగుళాలని గంటకి మైళ్లుగా మార్చే 1056తోనూ భాగిస్తే గంటకి 30 మైళ్లు. ఫోన్లో జీపీఎస్ 22 అంది. పాంటూన్‌కి ఆ మాత్రం జారుడు మామూలే, గొట్టాలకి పట్టిన నాచు గీకితే కొంత తిరిగొస్తుంది కూడా. అది చెమటోడ్చే పని. ఆన్‌లైన్‌లో కొనడానికి చెమట పట్టదు.

అలా నాలుగు రెక్కలది వచ్చింది. అది మలుపుల్లో నీటిని బాగా పట్టుకుంటుంది, పడవ బరువుగా ఉన్నా చప్పున కదులుతుంది. తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలుది వచ్చింది. అల్యూమినియం దానికి కొన్ని రెట్ల ధర. ఒత్తిడికి వంగదు, నిజమే. కానీ నీళ్లలో మొద్దు తగిలితే తను వంగకుండా ఆ దెబ్బ గేర్లకి అందిస్తుంది. కారు గరాజులో కారు తప్ప అన్నీ రెక్కలే.

అసలు చిక్కు చుట్టాలు. "ఎప్పుడూ ఎక్కించే బరువుతోనే పరీక్షించాలి" అని ఊరందరికీ బోధించేది ఆయనే. అందుకే ఎక్కే ముందు "బావగారూ, మీ బరువెంత?" అంటాడు. పిన్నిగారిని అడగలేక ఆవిడ బిర్యానీ గిన్నె తూస్తాడు. "తమ్ముడూ, కాస్త ముందుకు జరుగు, అమ్మాయి పెళ్లి సంగతి తర్వాత చెబుదువుగాని."

మొన్న మీటరు 5600 చూపించింది. పడవలో ఆయనొక్కడే. పదిమందీ, బిర్యానీతో సహా, రేవులో నిలబడ్డారు. వదిన ఫోన్ చేసింది.

"ఏమండీ, మమ్మల్ని ఎక్కించుకోరా?"

"మీరెక్కితే 400 పడిపోతాయే. అక్కడే తినేయండి."