బొమ్మలో ఏముందో చెప్పుకోండి

సర్కారు వెబ్‌సైట్లలో దివ్యాంగులకు సౌకర్యాల్లేవంటే నేనొప్పుకోను. ఏ సైటైనా తెరిచి, పైన కుడిమూల చూడండి. చిన్న ఏ, మామూలు ఏ, పెద్ద ఏ వరసగా కూర్చుని ఉంటాయి. పెద్ద ఏ నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. చూపు బొత్తిగా లేనివాళ్లకూ అంతే పెద్దవవుతాయి. ప్రభుత్వానికి పక్షపాతం ఉండదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాల మధ్య ఓ కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కనిపిస్తే పాటలు వింటున్నాడనుకోకండి. చూపు లేదు కాబట్టి చదువు వింటున్నాడు. తెర మీది అక్షరాల్ని చదివిపెట్టే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టినవాడూ చూపులేని కుర్రాడే. అది తెలుగూ పలుకుతుంది. దానికి అంతుపట్టనివల్లా మన ఆఫీసు పద్ధతులే.

2016 చట్టం ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం ఇచ్చింది. ఆ 4 శాతంలో ఏ పోస్టు ఎవరికో చెప్పే కాగితాన్ని ముందు కంప్యూటర్లో శుభ్రంగా టైపు చేస్తారు. తర్వాత ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది, కాస్త వంకరగా స్కాన్ చేసి సైటుకెక్కిస్తారు. అంటే ఫొటో తీసి పెడతారు. పాపం ఎన్‌వీడీఏకి అబద్ధమాడటం రాదు. డాక్యుమెంటు ఖాళీ అంటుంది.

కొన్ని శాఖలు ఇంత అన్యాయం చేయవు. అనూ ఫాంటులో కొట్టిన పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు పెడతాయి. కంటికది అచ్చతెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు కీబోర్డు గుర్తులు. చెవికి వినిపించేది డాలరు, పర్సెంటు, బ్రాకెట్టు. అర్హతల సంగతేమో గానీ, లెక్కల పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఇదంతా దాటి దరఖాస్తు నింపినా, చివర్లో క్యాప్చా కాపు కాస్తుంటుంది. నువ్వు మనిషివేనని రుజువు చేసుకో, ఈ వంకర అక్షరాలు చదువు అంటుంది. ఈమధ్య యంత్రాలు వాటిని చిటికెలో చదివేస్తున్నాయి. ఆగిపోతున్నది మనిషే. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా ఏ సందులో చూసినా నెట్ సెంటర్లు బతుకుతున్నాయంటే ఇలాంటి పుణ్యాల వల్లనే.

"అన్నా, జర ఈ బొమ్మల ఏమున్నదో చెప్పవా?"

"ఆగు తమ్మీ, ఈ జిరాక్స్ అయిపోనీ."

జిరాక్స్ అయ్యేలోగా సెషన్ అయిపోతుంది. పేరు దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

కోర్టులు ఊరుకోలేదు లెండి. రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు చెబుతూ, అందుబాటు తప్పనిసరి అని 2016 చట్టం అన్నదాన్ని దాని కింద రాసిన 15వ నిబంధన వట్టి సలహాగా మార్చేసిందని ఆ నిబంధనను కొట్టేసింది. మూడు నెలల్లో గట్టి నిబంధనలు రాయమంది. ఆ కేసులో కోర్టు ముందుంచుకున్న నివేదిక మన శామీర్‌పేట నల్సార్ వాళ్లదే. మూడు నెలలు 2025 ఫిబ్రవరిలో నిండాయి. అదే ఏడాది ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. యాసిడ్ దాడిలో గాయపడినవాళ్లను కళ్లార్పి చూపిస్తేనే బతికున్నట్టు లెక్క అంటున్న కేవైసీని మార్చమంది, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమంది.

సైటు అందరికీ అందుబాటులో ఉందని సంతకం పెట్టే అధికారులకు నాదొక చిన్న మనవి. రేపు మానిటర్ ఆపేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మీ సైటులోనే మీ లీవుకు అప్లై చేయండి. మధ్యలో బొమ్మ అడ్డొస్తే గాభరాపడకండి. నెట్ సెంటరన్న రాత్రి పదింటిదాకా ఉంటాడు.