బల్ల మీద ట్రఫాల్గర్

ఇంగ్లండులో నౌకాయుద్ధ చరిత్ర వీరాభిమానులతో పెట్టుకోకండి. సినిమాలో ఓడ మీద తాడొకటి తప్పుగా కట్టినా ఊరుకోరు. అదే వాళ్ల ఆరాధ్య నవలాకారుడు పాట్రిక్ ఓబ్రయన్, తన నవలలకు నెపోలియన్ యుద్ధాలు అయిపోవస్తున్నాయని 1812ను సాగదీసి ‘1812-ఎ’, ‘1812-బి’ అన్నా కిమ్మనరు. అభిమానం మరి!

1805లో ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ 27 యుద్ధనౌకలతో ఫ్రాన్స్, స్పెయిన్‌ల 33 నౌకలను మధ్యాహ్నం మొదలెట్టి సాయంత్రానికి చిత్తు చేశాడు. అదే యుద్ధం ఈ అభిమానుల భోజనాల బల్ల మీద, పాచికలతో, నియమాల పుస్తకంతో ఆటగా జరిగితే? గాలి ఏ దిక్కునుంచి వీస్తోందో తేలేసరికే ఆదివారం గడిచిపోతుంది. ఈలోగా వంటింట్లోంచి కేక: “ఆ స్పెయిన్ ఓడలు తీస్తారా, కంచాలు పెట్టాలి!”

ఒక్క ఫిరంగీ పేలకుండా రెండు నౌకాదళాలూ అట్టపెట్టెకు లొంగిపోయాయి.