పెట్టుబడి పెట్టె

నేను పెట్టుబడి అన్న ప్రతిదాన్నీ మా ఆవిడ ఖర్చు అంటుంది. ఇద్దరికీ తేడా ఎక్కువగా వచ్చింది ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం దగ్గర.

శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ముర్ము విడుదల చేసిన నాణెం అది. హైదరాబాద్ మింటులో అమ్ముతున్నారని తెలియగానే మా ఊరు కలువాయి నుంచి అక్కడున్న బావమరిదికి ఫోన్ కొట్టి క్యూలో నిలబెట్టాను. పెట్టెతో కలిపి నాలుగు వేల పైచిలుకు. ఇంట్లో మాత్రం "వంద రూపాయల నాణెం" అన్నాను. అబద్ధం కాదు, దాని మొహానే రాసుంది.

"వందేనా? అయితే ఇంకో పది తెప్పియ్యండి. పెళ్ళిళ్ళలో చదివింపులకి బాగుంటాయి" అంది.

మీ తమ్ముడికి తీరిక లేదన్నాను. ఆవిడ వాడికే ఫోన్ చేసింది. అసలు ధర ఆ సాయంత్రమే బయటపడింది.

పరువు దక్కించుకుందామని నాణేన్ని కంసాలి ఆచారి దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ దాచిన పాత రూపాయలు కూడా పట్టుకుని మా ఆవిడా వచ్చింది. ఆచారి నాణేన్ని తూచాడు: 35 గ్రాములు.

"సగమే వెండి సార్. మిగిలింది రాగి, కాస్త నికెలు, జింకు."

అంటే పదిహేడున్నర గ్రాముల వెండి. నేను కొన్ననాటి ధరలో పధ్నాలుగు వందలకి అటూఇటూ. తర్వాత విక్టోరియా రూపాయిని ముద్దుగా పక్కన పెట్టాడు. అది 11.66 గ్రాములు, నూటికి తొంభైకి పైగా వెండి. యుద్ధకాలపు జార్జి రూపాయల్ని మాత్రం వేరే కుప్ప పోశాడు. వెండికి కటకట వచ్చి 1940లో సగానికి తగ్గించినవి అవి: యాభై వెండి, నలభై రాగి, ఐదైదు నికెలు, జింకు. నా ఎన్టీఆర్‌దీ అచ్చం అదే పాళ్ళు! అమ్మ ఒక్కోటి పదహారణాలకు దాచుకున్న సరుకుని నేను మఖ్మల్ పెట్టెలో పెట్టించుకుని తెచ్చానన్నమాట.

"కరిగించి పాపకి పట్టీలు చేయిద్దాం" అంది మా ఆవిడ.

"2011 నాణేల చట్టం ప్రకారం కరిగిస్తే నేరం."

"నాలుగు వేలు పోసి తేవడం నేరం గాదా?"

అసలు సేకర్తలు చూసేది వెండిని కాదు. ఎన్ని ముద్రించారు, పెట్టె, కాగితం ఉన్నాయా, నాణెం మీద చెయ్యి పడిందా అని చూస్తారు. తోమిన నాణేన్ని దూరం నుంచే గుర్తుపడతారు. ఈ ఉపన్యాసం ఆవిడకి వరలక్ష్మీ వ్రతానికి ముందే ఇచ్చుంటే బాగుండేది. ఆరోజు పొద్దున చూస్తే కలశం ముందు ఎన్టీఆర్ ధగధగలాడుతున్నాడు. చింతపండు, పైన కాస్త విభూతి. నుదుటి మీద సన్నటి గీతలు, అంచు అక్షరాల సందుల్లో చింతపండు పీచు.

"ఎంత నల్లగా ఉండిందో! మీరు చూసుకోరు గదా" అంది.

పెట్టె, కాగితం భద్రంగా ఉన్నాయి. నిజమైన అభిమాని ఎవరైనా ఉంటే కలువాయి రండి, ఇచ్చేస్తాను. బేరం మాత్రం మా ఆవిడతో ఆడండి. ఆవిడ లెక్కలో దాని ధర ఇప్పటికీ వందే.