చక్రగతి పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

సైబర్ టవర్స్‌కీ బయోడైవర్సిటీ కూడలికీ మధ్య వారమంతా గంటకు 20 కిలోమీటర్లు మించకుండా పాకిన కారును, శనివారం గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కించాడు ఒక సాఫ్ట్‌వేరు ఇంజినీరు. వంద దాటేసరికి కారు తిన్నగా పోనని మొరాయించింది. కుడికి దిద్దితే ఎడమకు, ఎడమకు దిద్దితే కుడికి. "ఎలక్ట్రిక్ స్టీరింగు కదా, సాఫ్ట్‌వేరులో బగ్గు ఉంటుంది" అని అతడు వగచగా, మాదాపూరులో చక్రాలు సరిచేసే పెద్దమనిషి ఈ ఆటవెలదితో అతణ్ణి మేల్కొల్పుతున్నాడు.

పద్యం

గాలి చూసి చక్రగతి సరిజేయక
కంప్యుటరును తిట్ట గలదె ఫలము
రింగురోడ్డు మీద దొంగవలె జరుగు
కారు నడుపువాడ! కనుము టైరు.

ప్రతిపదార్థం

రింగురోడ్డు మీద = 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో, గంటకు 120 దాకా పోనిచ్చే నెహ్రూ ఔటర్ రింగు రోడ్డు మీద; దొంగవలె = చప్పుడు లేకుండా; జరుగు = పక్క వరుసలోకి ఒరిగే; కారు నడుపువాడ = ఓ ఈఎంఐధారీ; గాలి చూసి = టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చెప్పిన లెక్కకు గాలి పట్టించి; చక్రగతి = వీల్ అలైన్‌మెంటును; సరిజేయక = సరిచేయించకుండా; కంప్యుటరును = నోరు లేనిదానిని; తిట్ట = తిట్టినందువల్ల; ఫలము గలదె = లేదని భావం; టైరు కనుము = ప్యాంటు మాసినా సరే, వంగి టైరును చూడుము.

టీక

ఇక్కడొక పూర్వపక్షం. 1988లో జపానులో సుజుకి సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ స్టీరింగులో ఆయిలు పంపు లేదు. మనం తిప్పగానే లోపలి సన్నని కడ్డీ మెలిపడుతుంది, ఆ మెలికను సెన్సరు కొలుస్తుంది, కంప్యూటరు చెప్పినంత మేరకు మోటారు చెయ్యి వేస్తుంది. కనుక తప్పు కంప్యూటరుదే కదా?

సిద్ధాంతం: కాదు. కంప్యూటరు సాయపడేదే గాని దారి చూపేది కాదు. వేగం పెరిగేకొద్దీ ఆ సాయాన్నీ తగ్గించుకుంటుంది. తిన్నగా పోయేటప్పుడు కడ్డీకి మెలికే ఉండదు, ఇక దానికి పనేముంది? మోటారు, దాని పళ్ల రాపిడి మధ్యలో నిలబడి రోడ్డు పంపే కబురును కొంత మింగుతాయన్నది నిజమే. అయితే ఆ కబురు పుట్టేది టైరులో. గాలి తగ్గిన టైరు పక్కగోడ ముందు తాను వంగి, ఆ తర్వాత గాని కారును తిప్పదు. ఆ ఆలస్యమే చేతికి వదులుగా తెలుస్తుంది. గుంతలో పడి ముందు చక్రాల ముక్కులు బయటికి తిరిగాయా, ఒకటి అటు, ఒకటి ఇటు లాగుతాయి.

మరి మాదాపూరు సిగ్నళ్ల దగ్గర ఈ దోషం ఎందుకు తెలియలేదు? కారు ముఖం ఒక్క డిగ్రీ తప్పి ఒక్క సెకను పోతే, గంటకు 20 వేగంలో పక్కకు జరిగేది పది సెంటీమీటర్లు. అదే 100లో దాదాపు అర మీటరు. నిదానం దాచిన తప్పును వేగం బయటపెట్టింది.

తాత్పర్యం

ముందు గాలి. తర్వాత అలైన్‌మెంటు. అప్పటికీ లొంగకపోతే టైర్ల అరుగుదల, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు. కంప్యూటరు వంతు ఆ పిమ్మటే: అలైన్‌మెంటు అయ్యాక చాలా కార్లలో స్టీరింగు కోణం కొలిచే సెన్సరుకు కొత్త సున్నా ఎక్కడో చూపించాలి. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగు దీపం వెలిగితే మాత్రం పద్యం కట్టిపెట్టి వర్క్‌షాపుకు పోవలెను.

విశేషాలు

"గాలి"కి "హవా" అని కొండాపూరు పంక్చరు షాపుల పాఠాంతరం. గణం చెడుతుంది కనుక వదిలేశాం, అర్థం చెడదు కనుక గౌరవిస్తున్నాం. రెండో పాదంలో కంప్యూటరు కురచైంది ఛందస్సు కోసమే కాదు, ఈ వ్యవహారంలో దాని పాత్ర అంతే. మూడో పాదంలో రింగుకు దొంగతో ప్రాసయతి చెల్లింది. పద్యానికి యతి ఎలాంటిదో కారుకు అలైన్‌మెంటు అలాంటిది, తప్పితే చదివేవాడికి వెంటనే తగులుతుంది. "దొంగవలె" అన్నచోట పూర్ణోపమ.

చివరి మాట. కవి "కనుము టైరు" అన్నాడు, "కొనుము టైరు" అనలేదు. అంటే యతి చెల్లదు.