సున్నానికి బంగారం, బంగారానికి వెండి

మా నాందేడ్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. అయినా మా బాపమ్మ జన్మలో చార్మినార్ చూడలేదు. తీసుకుపోతామంటే, "దాన్ని చూసేదేమున్నదిరా, కొంగున కట్టుకొని తిరిగిన" అనేది.

అబద్ధమేం కాదు. 1956 దాకా మాదీ హైదరాబాదు రాష్ట్రమే. 1903 ప్రాంతం నుంచి అక్కడి హాలీ రూపాయి మీద చార్మినారే ఉండేది. నిజాం నోట్ల మీద తెలుగూ మరాఠీ కూడా కనిపించేవిగానీ నాణెం మీద అంతా ఫారసీ. చదువురాని బాపమ్మకు అందులో అర్థమయ్యేది నాలుగు మినార్లే. సిగరెట్ పెట్టె మీద కూడా ఆ మినార్లే ఉండేవి కాబట్టి మా తాతకూ అదే ఎక్కువ పరిచయం.

ఆ కట్టడం 1591 నాటిది, కట్టించింది కుతుబ్‌షాహీలు. నాణెం మీద అచ్చు వేయించుకున్నది నిజాములైన ఆసఫ్‌జాహీలు. పైగా బొమ్మలోని ద్వారం మధ్య మహబూబ్ అలీ ఖాన్ తన పేరులోని 'మీమ్' పెట్టించుకుంటే, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని తీయించి తన 'ఐన్' పెట్టించాడు. అత్తగారి స్టీలు బిందె మీద కోడలు తన పేరు కొట్టించుకున్నట్టు! కరీంనగర్ వైపు నుంచి మగ్గం వదిలి వచ్చిన మా తాత పనిచేసిందీ ఉస్మాన్‌షాహీ మిల్లులోనే. గేటు మీదా ఆయన పేరే, జీతం మీదా ఆయన అక్షరమే.

ఇదే చార్మినార్‌ను బంగారంలో కొడితే అది అష్రఫీ. దర్బారుకు పోయే పెద్దలు దాన్ని నజరానాగా నిజాం చేతిలో పెట్టేవారు. ఆయన టంకశాలలో పుట్టింది ఆయన జేబుకే చేరేది. ఇంత చక్కటి ఆర్థిక విధానం మళ్లీ ఏ ప్రభుత్వానికీ కుదరలేదు.

అలాంటి అష్రఫీ ఒకటి మా ఇంట్లో ఉందని వంశమంతా నమ్మకం. దాన్ని చూపించే తాతకు పిల్లనిచ్చారట. తాత పోయాక పంపకాలొచ్చాయి. బాపు, పెదబాపు, చిన్నబాపు ముగ్గురూ, ఎవరినీ ఎవరూ నమ్మక, బాపమ్మను ముందు నడిపించుకుంటూ సరాఫాకు వెళ్లారు. వెనకాల నేనూ.

ముసలి సేఠ్ త్రాసులో వేశాడు. పదకొండు గ్రాముల పైచిలుకు. అష్రఫీ తూకం కూడా అంతే! చిన్నబాపు అప్పుడే మోటారు సైకిల్ రంగు గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. సేఠ్ మాత్రం నాణేన్ని వేళ్ల మధ్య తిప్పి, "ఇంత వెడల్పెందుకున్నది?" అన్నాడు. చిక్కంతా అక్కడే. హాలీ రూపాయి తూకమూ దాదాపు అంతే, 11.18 గ్రాములు. కానీ అదే బరువులో బంగారం చిన్న బిళ్లగా వస్తుంది, వెండి వెడల్పుగా వస్తుంది. గీటురాయి మీద రెండో గీతకే పూత లేచి తెల్లటి వెండి పలికింది.

"చార్మినార్ అసలుదేనమ్మా, బంగారమే ఉత్తది" అన్నాడు సేఠ్, ఓదార్పుగా.

బాపమ్మ ఏడవలేదు. నిలబడే లెక్క కట్టింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ కల్దారు రూపాయలు. అంటే చేతిలో ఉన్నది కల్దారు లెక్కన పద్నాలుగు అణాలకు కాస్త తక్కువ. ముగ్గురికీ పంచితే తలకు అయిదణాలు కూడా రావు. "గింత దానికి నా పెండ్లి చేసిండ్రా!" అని ఇంటికొచ్చి తాత ఫొటోను గోడవైపు తిప్పింది. దసరాకు ఆప్టా ఆకులనే బంగారమని పంచుకునే ఊరు మాది. ఆ లెక్కన చూస్తే, వెండికి పూత పోయించిన తాతను నిజాయితీపరుల్లోనే కలపాలి.

తరవాత 2008లో మా ఊరికే నాణెం యోగం పట్టింది. 1708లో గురు గోవింద్ సింగ్ ఇక్కడే గురుగద్దెను గ్రంథ సాహిబ్‌కు అప్పగించారు. ఆ మూడు వందల ఏళ్ల పండుగకు భారత ప్రభుత్వం వంద రూపాయల నాణెం తెచ్చింది. దాని మీద మా హజూర్ సాహిబ్ గురుద్వారా. లోపలి గది గోడలకు బంగారు రేకులు, శిఖరం మీది కలశానికి బంగారు పూత ఉన్న చోటు కదా, ఇక అష్రఫీయే అనుకున్నాం. వచ్చింది సగం వెండి, మిగతా సగం రాగి, నికెల్, జింక్. సున్నం గచ్చుతో కట్టిన చార్మినార్‌కేమో బంగారం!

ఈ స్మారక నాణేల తీరే వేరు. వంద అని రాసి ఉంటుంది, వందకు ఇవ్వరు. ఎక్కువ పెట్టి కొన్నాక వందకు కిరాణా కొట్టువాడు పుచ్చుకోడు. 2023లో ఎన్టీఆర్ బొమ్మతో వచ్చిన వంద రూపాయల నాణేనికి మనవాళ్లు వేలు పోసి హైదరాబాదు టంకశాల ముందు వరస కట్టారు, బయటికొచ్చి ఆటోవాడికి మాత్రం మామూలు నోటే ఇచ్చారు.

చిన్నబాపు ఆ హజూర్ సాహిబ్ నాణెం ఒకటి సంపాదించి మఖ్మల్ పెట్టెలో పెట్టాడు. కొడుక్కి సంబంధం మాట్లాడటానికి నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్ల ముందు, వంశాచారం ప్రకారం, పెట్టె తెరిచాడు.

"బంగారమేనా బావా?" అన్నాడు పిల్ల తండ్రి.

"లోపలి గోడలన్నీ బంగారమే" అన్నాడు చిన్నబాపు, ఎక్కడా అబద్ధమాడకుండా.

పిల్ల తండ్రి పెట్టె మూసి వెనక్కి జరిపాడు. "అయితే ఆ గోడలే పెట్టు బావా మా పిల్లకు. నాణెం నువ్వే ఉంచుకో."