నలభై సెకన్ల సారు

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి నాచారం వైపు మళ్లితే ఓ కాలనీలో రేడియో సారు తగులుతాడు. ముఖం ఎవరికీ తెలీదు, గొంతు అందరికీ తెలుసు. కూరగాయల బండి దగ్గర "టమాట కిలో ఎంతమ్మా?" అని అడిగినా అందులో వార్తల ముందరి గాంభీర్యమే. బండి ఆమె ధర చెప్పాక కూడా ఈయన రెండు క్షణాలు ఆగుతాడు. బేరం ఆలోచిస్తున్నాడనుకుని ఆమె తనంతట తానే ఐదు రూపాయలు తగ్గిస్తుంది. పాపం, ఆయన ఆగింది ఆమె గొంతు ఫేడ్ అవుట్ కావాలని.

ఈయన ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్. క్యాజువల్ అంటే నెలకు ఆరు డ్యూటీలు, అంతే. మిగతా రోజుల్లో ప్రూఫులు దిద్దుతాడు, డబ్బింగులో గుంపు గొంతుల్లో ఒకడవుతాడు, స్కూలు వార్షికోత్సవాల్లో మైకు పట్టుకుంటాడు. డ్యూటీ పడ్డ రోజు హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగి సైఫాబాద్ చేరతాడు. రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఇంటికి ఎంతో దగ్గర. అందులో చేరకపోయారా అంటే, "అక్కడ కెమెరా ఉంటుందండీ, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకోవడం కుదరదు" అంటాడు.

జబ్బు అదే. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్, బుక్ ఫెయిర్ పెడితే ఎన్టీఆర్ స్టేడియం. ఆరు డ్యూటీల డబ్బులూ ఆ రెండు చోట్లే ఖర్చయిపోతాయి. ఇంట్లో సజ్జ మీద ఊరగాయ జాడీలకు చోటు లేదు. ఆయన కొత్త సంచీతో గుమ్మంలోకి రాగానే భార్య, "ఇంతటితో మా కార్యక్రమం సమాప్తం" అని వంటగది తలుపేసుకుంటుంది. ఆ వాక్యం ఆయన దగ్గర నేర్చుకున్నదే. పలకడం మాత్రం ఆమే బాగా పలుకుతుంది.

101.9 మీద పాటకూ పాటకూ మధ్య ఆయనకు దొరికేది మహా అయితే నలభై సెకన్లు. అంతలోనే ఒక నవలను శ్రోతల చేతిలో పెట్టాలని పంతం. అందుకోసం నాలుగు వందల పేజీలూ రెండుసార్లు చదువుతాడు. ముందు రోజు రాత్రి ఆయన స్క్రిప్టు తయారీ చూసి తీరాలి. ఒకవైపే రాసిన విడి కాగితాలు. పిన్ను కొట్టడు. పేజీ తిప్పితే ఆ గరగర కూడా మైకు ప్రసారం చేసేస్తుంది గనక, చదివిన కాగితాన్ని చప్పుడు లేకుండా పక్కకు జరుపుతాడు. ఊపిరి తీసుకోవాల్సిన చోట నిలువు గీత, ఒత్తి పలకాల్సిన మాట కింద అడ్డగీత. మధ్యలో కుక్కర్ కూత వేస్తే, ఎర్ర లైటు వెలుగుతుండగా స్టూడియో తలుపు ఎవరో తీసినట్టు ఉరిమి చూస్తాడు.

తీరా మర్నాడు ఫోన్‌లో బోడుప్పల్ నుంచి ఓ అమ్మాయి. ఆమె పాట అడగబోతుంటే ఈయన పుస్తకం అడుగుతాడు.

"ఈమధ్య ఏం చదువుతున్నారమ్మా?"

"బీకాం కంప్యూటర్స్ సార్."

"అది కాదమ్మా, పుస్తకాలు..."

"అవే సార్, రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి."

ఆ అమ్మాయి బ్యాక్‌లాగుల కథ ముగిసేసరికి తర్వాతి పాట వేళ దాటిపోతుంది. నాలుగు వందల పేజీల్లో రచయిత ఇంటిపేరొక్కటే గాల్లోకి వెళ్తుంది. అట్ట వెనక నాలుగు లైన్లు చూసుకుని గంటసేపు దంచే వక్తలకు మన సభల్లో కొదవ లేదు. మొత్తం చదివి నాలుగు లైన్లు చెప్పడానికి తంటాలు పడేవాడు నాకు తెలిసి ఈయనొక్కడే.

మరి సైఫాబాద్‌లో చెప్పనివ్వని మాటలన్నీ ఏమవుతాయి? నాచారం వచ్చేస్తాయి. కిందటి వినాయక చవితికి కమిటీ వాళ్లు లడ్డూ వేలం మైకు ఈయన చేతికిచ్చారు. పాట యాభై ఒక్క వేల దాకా పోయింది. "ఒకటోసారి... రెండోసారి..." అన్నాడు. అని ఆగాడు. ఎదురుగా అయిదారు వందల మంది, అందరూ నిశ్శబ్దం. అనౌన్సర్ జీవితంలో అలాంటి ఘడియ మళ్లీ వస్తుందా? పెద్ద చదువుల్లేని రావూరి భరద్వాజ ఇదే హైదరాబాద్ రేడియోలో 1959లో చేరి 1987 దాకా పనిచేశాడనీ, సినిమా లోకం లోగుట్టు మీద ‘పాకుడు రాళ్లు’ నవల రాసిన ఆయనకు 2012 జ్ఞానపీఠం వచ్చిందనీ, మహాకవి దాశరథి అంతటివాడు ఆ ఆకాశవాణిలోనే ప్రాంప్టరుగా పనిచేశాడనీ చెప్పుకుపోయాడు. కృష్ణశాస్త్రి దగ్గరికి వచ్చేసరికి ఎవరో మైకు వైరు పీకారు. ఈలోగా పాట పాడినాయన భార్యకు ఇంటి లోను కిస్తీ గుర్తొచ్చి ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ తర్వాత కమిటీ ఆయనకు తప్పిపోయిన పిల్లల ప్రకటనలు మాత్రమే ఇచ్చింది. "వయసు అయిదేళ్లు, నీలం చొక్కా, చేతిలో బొమ్మల పుస్తకం..." పిల్లవాడి చేతిలో ఉన్నది బెలూను.

ఐర్లండ్‌లో రిక్ ఓషే అనే రేడియో ప్రెజెంటరు పాటలు వేసుకుంటూనే పుస్తకాల బృందం ఒకటి పెట్టి వేలమందిని పోగు చేశాడని మనవాడు ఎక్కడో చదివాడు. వెంటనే వాట్సాప్‌లో తనూ ఒకటి మొదలెట్టాడు. పొద్దున్నే గులాబీలతో శుభోదయాలు, మధ్యాహ్నం మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయన్న ఆరా, సాయంత్రం ఘట్‌కేసర్‌లో ప్లాట్లు. ఈయన పుస్తకం పేరు పెడితే మాత్రం వెంటనే స్పందన వస్తుంది: "సార్, పీడీఎఫ్ ఉందా?"

అయినా అభిమానులు లేకపోలేదు. ఒక రాత్రి ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కుతూ "మల్లాపూర్ పోతుందా?" అన్నాడో లేదో, డ్రైవరు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"సార్, మీరు పాటల నడుమ బుక్కుల ముచ్చట చెప్తరు గదా?"

సారు కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. "అవును బాబూ! వింటావా?"

"మీరు మొదలువెట్టంగనే ఆటో పక్కకు ఆపి చాయ్ తాగొస్త సార్. మంచి టైం దొరుకుతది."

సారు ఏమాత్రం నొచ్చుకోలేదు. సర్దుకుని కూచుని, "ఆ చాయ్ బండి దగ్గర రేడియో ఉందా?" అని అడిగాడు.

"ఉన్నది సార్. గని ఆడ మిర్చి నడుస్తది."