టెంపరరీ అన్న

ఏ ఐటీ ఆఫీసుకెళ్లినా ఒకడుంటాడు. అసలు పేరు జీతం స్లిప్పులో ఉంటుంది. నోటికి మాత్రం అందరికీ 'నెట్‌వర్క్ అన్న'. బ్యాగులో లేత నీలం కన్సోల్ కేబులు, కళ్లకింద నిన్నరాత్రి చేంజ్ విండో. ఏ అప్లికేషన్ మొరాయించినా, సంగతేమిటో వినకముందే "నెట్‌వర్క్ క్లీన్" అనేస్తాడు. చాలాసార్లు నిజమే. కాస్త విన్నాక అంటే బావుంటుంది.

అన్నకు డైనమిక్ రౌటింగంటే ప్రాణం, చేత్తో వేసే స్టాటిక్ రూటంటే మంట. అమీర్‌పేటలో సీసీఎన్ఏ నేర్చుకున్ననాటి నుంచీ రిప్ అంటే చిన్నచూపు. "16వ హాప్ అనగానే చేతులెత్తేస్తుంది, అదీ ఒక ప్రోటోకాలేనా?" అంటాడు. ఓఎస్‌పీఎఫ్ పేరెత్తితే మాత్రం గొంతులో భక్తి. కొత్త కుర్రాడు దొరికాడా, పండగే.

"హలో టైమర్ ఎంత తమ్ముడూ?"

"10 సెకన్లన్నా. డెడ్ 40."

ఠక్కున చెప్పేసినందుకు అన్న మనసు చివుక్కుమంటుంది. "సరే, హలోలు అయ్యాయి. అయినా రెండు స్విచ్‌లూ ఎక్స్‌స్టార్ట్ దగ్గరే వేలాడుతున్నాయి. ఎందుకు?" కుర్రాడు నీళ్లు నములుతాడు. ఎంటీయూ ఒకవైపు 1500, అవతల 9000 అని చెప్పడానికి అన్న చాయ్ మొత్తం తాగేదాకా ఆగుతాడు.

అసలు అన్నను చేంజ్ రాత్రి చూడాలి. దూరాన ఉన్న బ్రాంచి స్విచ్‌లోకి లాగినై ముందుగా కొట్టేది 'రీలోడ్ ఇన్ 10'. తన కాన్ఫిగ్ తననే బయటికి నెట్టేస్తే, పది నిమిషాల్లో స్విచ్ దానంతటదే రీబూటై, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. బావిలోకి దిగేవాడు నడుముకు మోకు కట్టుకున్నట్టు. ఆ తర్వాత 'ఐపీ రౌటింగ్', అప్‌లింక్ పోర్టు మీద 'నో స్విచ్‌పోర్ట్', ఏరియా 0. 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్' కొడితే 'ఫుల్' అని వచ్చింది! బ్రిడ్జి కాల్‌లో అందరికీ స్క్రీన్ షేర్ చేస్తాడు. మేనేజరు మెచ్చుకుంటూ ఉండగానే స్విచ్ మాయం. 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టడం మర్చిపోయాడు. సేవ్ చెయ్యనూ లేదు.

స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. ఓఎస్‌పీఎఫ్ మళ్లీ మొదట్నుంచీ కట్టే టైం లేదు, తెల్లారేలోగా బ్రాంచి పనిచేయాలి. అప్పుడు అన్న, ఇన్నాళ్లూ తిట్టిపోసిన స్టాటిక్ రూటు ఒకటి గుట్టుగా వేస్తాడు. "టెంపరరీ తమ్ముడూ, రేపు తీసేద్దాం." చిక్కేమిటంటే, అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ లెక్కలో స్టాటిక్‌కు 1, ఓఎస్‌పీఎఫ్‌కు 110, చిన్న అంకెదే పెత్తనం. మర్నాటి రాత్రి ఓఎస్‌పీఎఫ్ ఎంత బుద్ధిగా కుదురుకున్నా, ఆ నెట్‌వర్క్‌కు స్విచ్ స్టాటిక్ చెప్పిన దారే పడుతుంది. ఎక్కడో ముందు ఫైబర్ తెగినా, తన పోర్టు లైటు వెలుగుతున్నంతసేపూ ప్యాకెట్లను ఆ గోతిలోకే తోస్తుంది. చివర 250 అని ఒక్క అంకె చేర్చి ఉంటే ఓఎస్‌పీఎఫ్ వెనకే పడి ఉండేది. ఆ వేళప్పుడు 250 ఎవరికి గుర్తొస్తుంది?

ఆ 'రేపు' రాకముందే అన్నకు డాలస్ ఆన్‌సైట్ వస్తుంది. కొన్నేళ్లకు ఫైబర్ తెగుతుంది. పాత కుర్రాడే ఇప్పుడు నెట్‌వర్క్ అన్న. కాన్ఫిగ్‌లో 'టెంపరరీ' పేరున్న రూటు చూసి వాట్సాప్‌లో ఫోన్ చేస్తాడు.

"తీసెయ్యమంటావా అన్నా?"

"వద్దురా, దాన్ని నమ్ముకుని ఇంకేమేం నడుస్తున్నాయో."

కుర్రాడు కాసేపు ఆలోచించి, ఇంకా స్పెసిఫిక్‌గా మరో రెండు స్టాటిక్‌లు వేసి, వాటికి 'టెంపరరీ 2', 'టెంపరరీ 3' అని పేర్లు పెడతాడు.